ముందు పిండిముద్ద, తర్వాతే నిర్వచనం

తమ్ముడూ,

అణువుల్లో కుడి ఎడమ రూపాల గురించి నువ్వు రాసిన వ్యాసం రాత్రి ఒకసారి, పొద్దున కాఫీ తాగుతూ ఇంకోసారి చదివాను. బాగా కష్టపడ్డావని తెలుస్తూనే ఉంది. కానీ మొదటి పేరాలోనే ప్రాదేశిక సాదృశ్యం, అసౌష్ఠవ కార్బన్, ఎనాన్షియోమర్, ధ్రువణ భ్రమణం అని నాలుగు బరువైన మాటలు వరసగా వచ్చి పడ్డాయి. ఇంటర్ చదివే పిల్లాడు ఇక్కడే ఆగిపోతాడు, సైన్సు కష్టమై కాదు, అణువు కళ్లకి కట్టక. నేనూ ఇంటర్ రెండేళ్లూ కార్బన్‌ని కూడిక గుర్తులా గీసినవాణ్నే. అది కాగితం కోసం చేసుకున్న సర్దుబాటు మాత్రమేనని చాలా ఆలస్యంగా తెలిసింది.

అందుకే ఒక పని చెయ్యి. ఇది చదవడం ఆపి వంటింట్లోకి వెళ్లు. చపాతీ పిండి నిమ్మకాయంత ముద్దలు రెండు, సమానంగా విరిచిన చీపురుపుల్ల ముక్కలు ఎనిమిది తీసుకో. ముద్ద కార్బన్ పరమాణువు, పుల్లలు దాని బంధాలు అనుకో. ఒక్కో ముద్దకి నాలుగు పుల్లలు గుచ్చు, ఏ రెండింటి మధ్య చూసినా ఎడం ఒకేలా ఉండాలి. మొదటిసారి రాదు, చెయ్యి అలవాటుకొద్దీ కూడిక గుర్తే చేస్తుంది. మూడు పుల్లల మీద ముక్కాలిపీటలా నిలబెడితే నాలుగోది నిటారుగా పైకి ఉండాలి, దొర్లించి వేరే మూడింటి మీద నిలబెట్టినా మళ్లీ అదే ఆకారం కనబడాలి. వచ్చిందా? ఆ ఎడమే 109.5 డిగ్రీలు. ఇక ఆ అంకె నీకు జన్మలో మర్చిపోయేది కాదు.

ఇప్పుడు పుల్లల చివర్లకి ఒక ద్రాక్ష, ఒక నానిన శనగ, ఒక బఠాణీ, ఒక చింతపండు ఉండ గుచ్చు. రెండో ముద్దకీ అవే, కాకపోతే శనగ, బఠాణీల చోట్లు తారుమారు చెయ్యి. రెంటినీ ఒకేలా కనబడేట్టు పక్కపక్కన పెట్టడానికి ప్రయత్నించు. ద్రాక్ష, చింతపండు కుదిరాయి అనుకునేసరికి శనగ ఉండాల్సిన చోట బఠాణీ కూర్చుని ఉంటుంది. ఎంత తిప్పినా అంతే, కుడికాలి చెప్పు ఎడమకాలికి పట్టనట్టు. రెండు ముద్దల్లోనూ బఠాణీ తీసేసి అక్కడా శనగే పెడితే తేడా చటుక్కున మాయమవుతుంది. అసౌష్ఠవ కార్బన్‌కి అంటుకున్న నాలుగూ వేర్వేరుగా ఎందుకు ఉండాలో నువ్వు రాసిన అరపేజీ కన్నా ఈ ఒక్క మార్పు బాగా చెబుతుంది. నీ పాఠకుడి చేత ఇదే చేయించు, పేరు తర్వాత పెట్టొచ్చు.

కార్బన్ నిజంగా ఇలాగే ఉంటుందని ఎలా తెలిసిందో కూడా రాయి, నువ్వు దాన్ని పూర్తిగా వదిలేశావు. 1874లో నెదర్లాండ్స్‌లో వాంట్ హాఫ్, అప్పటికి అతనికి 22 ఏళ్లు, ఫ్రాన్స్‌లో లెబెల్, ఎవరికి వారే ఈ ఆలోచనకి వచ్చారు. మీథేన్‌లో రెండు హైడ్రోజన్లు తీసి రెండు క్లోరిన్లు పెట్టావనుకో. అణువు బల్లపరుపుగా ఉంటే క్లోరిన్లు పక్కపక్కన ఉన్నదొకటి, ఎదురెదురుగా ఉన్నదొకటి, రెండు పదార్థాలు దొరకాలి. దొరికింది ఎప్పుడూ ఒక్కటే. చతుర్ముఖిలో, అంటే నీ పిండిముద్ద పుల్లల చివర్లు కలిపితే వచ్చే ఆకారంలో, ఏ రెండు మూలలు తీసుకున్నా పక్కపక్కనే ఉంటాయి కాబట్టి ఒక్కటే రావాలి. కళ్లకి కనబడని దాని ఆకారాన్ని లెక్కపెట్టి పట్టుకున్నారు! ఇది చదివినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

దానికి 26 ఏళ్ల ముందు పాశ్చర్. ఆయన్ని నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు. 25 ఏళ్ల కుర్రాడు టార్టారిక్ ఆమ్లపు లవణం స్ఫటికాల్ని భూతద్దంతో చూస్తే, కొన్నిటికి చిన్న పలక కుడివైపు, కొన్నిటికి ఎడమవైపు కనబడింది. పట్టకారుతో ఒక్కొక్కటే ఏరి రెండు కుప్పలు పోశాడు, విడివిడిగా నీళ్లలో కరిగిస్తే ఒకటి ధ్రువణ కాంతిని, అంటే ఒకే తలంలో కంపించే కాంతిని, కుడికి తిప్పింది, రెండోది ఎడమకి. 74 ఏళ్ల ఫ్రెంచ్ భౌతికశాస్త్రవేత్త బియో నమ్మక, పిలిపించి తన ఎదుట మళ్లీ చేయించుకున్నాడు. ఆ లవణం సుమారు 27 డిగ్రీల లోపు చల్లదనంలోనే అలా విడివిడి స్ఫటికాలు కడుతుంది, మన విజయవాడ మే నెలలో చేస్తే ఏరడానికి ఏమీ ఉండేది కాదు. ఇంకో మాట, మన చింతపండు పులుపు కూడా టార్టారిక్ ఆమ్లమే. ఆ ఉండని పుల్లకి గుచ్చమన్నది అందుకే.

మాటల సంగతి. ఇలా కుడి ఎడమ రూపాలున్న అణువుని కైరల్ అంటారు, ఆ మాట గ్రీకులో చెయ్యి నుంచి వచ్చింది. మనకి కుడిచేతి వాటం, ఎడమచేతి వాటం ఉండనే ఉన్నాయి, 'ఈ అణువుకి వాటం ఉంది' అని ధైర్యంగా రాయి. చేతివాటం అని మాత్రం రాయకు, దొంగతనం అనుకుంటారు. అణువుల పేర్లలోని డి, ఎల్ అక్షరాలకీ కాంతి తిరిగే దిక్కుకీ ముడిపెట్టావు చూడు, అది తప్పు. దక్షిణావర్త శంఖాన్ని తలుచుకో. మనవాళ్లు సన్నటి తోక పైకి పెట్టి పట్టుకుంటే నోరు కుడివైపు ఉంటుంది. జీవశాస్త్రజ్ఞులు చుట్టల మొన పైకి పెట్టి అదే శంఖాన్ని ఎడమచుట్టుది అంటారు. శంఖం మారలేదు, పట్టుకున్న తీరు మారింది. అలాగే పళ్లలో ఉండే ఫ్రక్టోజ్‌కి పేరులో డి ఉంటుంది, కాంతిని మాత్రం ఎడమకి తిప్పుతుంది. డి అన్నది గ్లిజరాల్డిహైడ్ అనే చిన్న చక్కెర అణువు ఆకారంతో పోల్చి పెట్టిన పేరు. తిరగడం కొలిచి తెలుసుకోవలసిందే.

చివరగా థాలిడోమైడ్ అనే మందు. 1957లో పశ్చిమ జర్మనీలో అమ్మకానికి వచ్చింది, వేవిళ్లకి వాడిన తల్లులకి అవయవాలు సరిగా ఎదగని పిల్లలు పుట్టారు, 10,000 మందికి పైగా. 1961లో వెనక్కి తీసుకున్నారు. ఒక వాటం మంచిది, రెండోది విషం, విడదీసి ఉంటే పిల్లలు బతికేవాళ్లు అని నువ్వు రాశావు. చాలామంది ఇలాగే రాస్తారు, చదవడానికి బాగుంటుంది కూడా. కానీ ఒంట్లోకి వెళ్లాక ఆ రెండు రూపాలూ ఒకదాంట్లోకి ఒకటి మారిపోతూ ఉంటాయి. శుద్ధంగా ఒక్కటే ఇచ్చినా రెండోది తయారవుతుంది. అంత దుఃఖం ఉన్న చోట కథ నున్నగా ఉండటం కోసం నిజాన్ని చెక్కకు. ఆ పేరా మొత్తం తిరిగి రాయి. వాటం తేడా చూపించడానికి కార్వోన్ అనే వాసన పదార్థం చాలు, ఒక వాటం పుదీనా వాసన, రెండోది సోయికూర గింజల వాసన. మన ముక్కే తేడా పట్టేస్తుంది.

ఆదివారంలోపు కొత్త ప్రతి పంపు, ఒక్క బొమ్మ కూడా గీయకుండా. ఆ రెండు పిండిముద్దల ఫొటో మాత్రం జతచెయ్యి, పిండి ఎండి పుల్లలు వాలకముందే.