బ్లాక్ చేసినా మళ్లీ మళ్లీ మన వైఫైలోకి వస్తున్నవాళ్లను పూర్తిగా తీసేయడం ఎలా?

మీ సమస్య నాకు అర్థమైనంతలో ఇది: నిజాంపేట్‌లో అయిదంతస్తుల అపార్ట్‌మెంట్, 100 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్. రాత్రి ఎనిమిది దాటాక వీడియో కాల్స్ ఆగిపోతున్నాయి. రౌటర్ పేజీ తెరిచి చూస్తే మీవి కాని నాలుగైదు ఫోన్లు కనిపించాయి. వాటిని బ్లాక్ చేస్తే మర్నాటికి వేరే పేర్లతో మళ్లీ వచ్చేశాయి.

ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. ఒక్కో ఫోన్‌నీ వెతికి బ్లాక్ చేయడం మానేయండి. వైఫై పాస్‌వర్డ్ మార్చండి, డబ్ల్యూపీఎస్ (బటన్ నొక్కితే పాస్‌వర్డ్ లేకుండా కలిపేసే సౌకర్యం) ఆపేయండి, రౌటర్ పేజీలోకి వెళ్లే అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి, ఇకపై ఇంటికొచ్చిన వాళ్లకు గెస్ట్ నెట్‌వర్క్ (అదే రౌటర్‌లో వేరే పేరు, వేరే పాస్‌వర్డ్‌తో నడిచే వైఫై) మాత్రమే ఇవ్వండి. మల్కాజ్‌గిరిలో మా ఇంట్లోనూ ఇదే గొడవ ఉండేది. ఈ నాలుగూ కలిపి చేశాకే తీరింది.

బ్లాక్ ఎందుకు నిలవదంటే, రౌటర్ ఫోన్‌ను గుర్తుపట్టేది దాని మ్యాక్ అడ్రస్‌తో. ఒకప్పుడు ఆ నంబరు ఫోన్ తయారైనప్పుడు ఏది వేస్తే అదే ఉండేది, కాబట్టి బ్లాక్ చేస్తే సరిపోయేది. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచి, 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు అసలు నంబరు దాచి, ఒక్కో వైఫైకి ఒక్కో ఉత్తుత్తి నంబరు చూపిస్తున్నాయి. మన ఆచూకీ ఎవరూ పట్టకుండా పెట్టిన మంచి ఏర్పాటే అది. కానీ సెట్టింగ్స్‌లో ఒక్క బటన్ మారిస్తే మీరు బ్లాక్ చేసిన ఫోన్ ఇంకో నంబరుతో లోపలికి వచ్చేస్తుంది, ఎందుకంటే పాస్‌వర్డ్ దాని దగ్గర ఉంది కదా. ఇలాంటి ఉత్తుత్తి నంబరును పట్టుకోవడం తేలిక. మ్యాక్ అడ్రస్‌లో ఎడమవైపు నుంచి రెండో అక్షరం 2, 6, A, E వీటిలో ఏదో ఒకటి అయితే అది ఫోన్ తనంతట తాను పుట్టించుకున్నదే.

పాస్‌వర్డ్ మార్చే ముందు ఒక్క పని చేయండి, లేకపోతే అనవసరంగా పక్కవాళ్లను అనుమానిస్తారు. ఆ జాబితాలో మీవే ఎన్ని ఉన్నాయో తేల్చుకోండి. మా ఇంట్లో తెలియని పేర్లు చాలానే కనిపించాయి, తీరా చూస్తే సగం మావే. స్మార్ట్ ప్లగ్గులు, బల్బులు చాలావరకు ‘ఎస్ప్రెసిఫ్’ అనో ‘టుయా’ అనో కనిపిస్తాయి. ఒకటి లోపలి చిప్ కంపెనీ పేరు, ఇంకొకటి ఆ వస్తువును నడిపే సాఫ్ట్‌వేర్ కంపెనీ పేరు. ల్యాప్‌టాప్ కూడా దాని బ్రాండ్ పేరు కాకుండా లోపలి వైఫై కార్డు చేసిన కంపెనీ పేరు చూపించవచ్చు. మీ రౌటర్ పంపే రెండు రకాల సిగ్నళ్లకు, అంటే 2.4, 5 గిగాహెర్ట్జ్‌లకు, వేర్వేరు పేర్లుంటే, మీ ఫోన్ ఒక్కటే రెండు నంబర్లతో ఇద్దరు అపరిచితుల్లా కనిపించవచ్చు. పైగా కొన్ని రౌటర్లు వెళ్లిపోయినవాళ్ల పేర్లు కూడా ఒక రోజంతా చూపిస్తూనే ఉంటాయి.

అందుకే ఒకసారి రౌటర్ ఆపి, రౌటర్ పేజీ చూడటానికి ఒక్క ఫోన్ ఉంచి మిగతా ఫోన్లు, ల్యాప్‌టాప్‌లలో వైఫై తీసేసి, టీవీ, కెమెరా, ప్రింటర్, స్మార్ట్ బల్బులు, ప్లగ్గులు అన్నీ పీకేసి, రౌటర్ మళ్లీ ఆన్ చేయండి. కాసేపాగి ఎవరెవరు చేరారో చూడండి. ఆ ఒక్క ఫోన్ కాకుండా అప్పుడు కూడా కనిపించేవాళ్లే బయటివాళ్లు. మనవాళ్లంతా ఖాళీగా ఉన్న ఆదివారం పొద్దున చేసుకుంటే బాగుంటుంది. రాత్రి పూట ఆఫీస్ కాల్ మధ్యలో మొదలుపెడితే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

రౌటర్ పేజీ అడ్రస్ జియో ఫైబర్‌లో 192.168.29.1, ఎయిర్‌టెల్‌లో ఎక్కువగా 192.168.1.1, విడిగా కొన్న రౌటర్లలో 192.168.0.1 లేదా 192.168.1.1 ఉంటుంది. ఏదీ తెరుచుకోకపోతే ఫోన్‌లో మీ వైఫై పేరు మీద నొక్కి వివరాల్లో ‘గేట్‌వే’ అని ఉన్న నంబరు చూడండి, అదే మీ రౌటర్ అడ్రస్. లాగిన్ పేరు, పాస్‌వర్డ్ సాధారణంగా పెట్టె అడుగున స్టిక్కర్ మీద ఉంటాయి.

ఇప్పుడు పాస్‌వర్డ్ సంగతి. మన హైదరాబాద్‌లో కనెక్షన్ బిగించడానికి వచ్చిన అబ్బాయి ఎక్కువగా ఏం పెడతాడు? మన మొబైల్ నంబరు. మాకూ అదే పెట్టి వెళ్లాడు. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో అందరి నంబర్లూ ఉంటాయి, అంటే బిల్డింగ్ మొత్తానికి పాస్‌వర్డ్ తెలిసినట్టే. తెలియనివాళ్లకైనా పెద్ద అడ్డంకి కాదు. మన మొబైల్ నంబర్లు 6, 7, 8, 9 లలో ఒకదానితో మొదలయ్యే పది అంకెలు. వైఫైలో ఫోన్ కలిసేటప్పుడు గాలిలో జరిగే పలకరింపును పట్టుకుని, మంచి గ్రాఫిక్స్ కార్డున్న కంప్యూటర్‌తో ఆ నంబర్లన్నీ వేసి చూడటానికి కొన్ని గంటలు చాలు. ఫ్లాట్ నంబరు, పిల్లల పేరు పక్కన పుట్టిన సంవత్సరం కూడా అంతే.

పాస్‌వర్డ్ 8 నుంచి 63 అక్షరాల దాకా పెట్టుకోవచ్చు. ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగు తెలుగు మాటల్ని ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి, మధ్యలో గీతలు పెట్టండి. గోంగూర, మెట్రో, తాటాకు, సైకిల్ లాంటివి. ఇవే పెట్టకండి, మీ మాటలు మీరు ఎంచుకోండి. ఇంట్లో పెద్దవాళ్లకూ గుర్తుంటుంది, ఊహించడం కష్టం. సెక్యూరిటీ దగ్గర డబ్ల్యూపీఏ2 ఏఈఎస్ లేదా డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 కలిపి ఉన్నది ఎంచుకోండి. డబ్ల్యూఈపీ అనే పాత పద్ధతిని మాత్రం ఎంచుకోవద్దు, దాన్ని 2001లోనే ఛేదించేశారు.

చాలామంది వదిలేసేది ఇక్కడే: పాస్‌వర్డ్ ఒక్క చోట మార్చి ఊరుకుంటారు. 2.4కి, 5కి విడివిడి పేర్లుంటే రెండింటికీ మార్చాలి. హాల్లో రౌటర్ సిగ్నల్ బెడ్రూమ్‌కి రావడం లేదని ఎక్స్‌టెండర్ పెట్టుకుని ఉంటే, దానికి సొంత పేరు, సొంత పాస్‌వర్డ్ ఉండొచ్చు. మా ఇంట్లో అయితే పాత రౌటర్ ఒకటి టీవీ వెనక వైరుతో తగిలించి ఉండేది. మెయిన్ రౌటర్‌కి పాస్‌వర్డ్ మార్చిన రోజు సాయంత్రం కూడా టీవీ మీద ఎవరిదో కార్టూన్ మొదలైంది. అదే వైఫైలో ఉన్న ఫోన్‌కి మన టీవీ పేరు కనిపిస్తుంది, ఏ పిల్లవాడో దాని మీద నొక్కితే వాళ్ల యూట్యూబ్ మన టీవీలో ఆడుతుంది. ఆ కార్టూన్ వల్లే పాత రౌటర్ ఇంకా పాత పాస్‌వర్డ్‌తో తలుపు తెరుచుకుని ఉందని తెలిసింది. మీ ఇంట్లోనూ గోడకి తగిలించి ఉన్న ప్రతి పెట్టెనూ చూడండి.

నా దృష్టిలో స్పీడ్ తగ్గడం కన్నా పెద్ద విషయం ఇదే. మన వైఫైలో ఉన్నవాళ్లు మన డేటా మాత్రమే వాడుకుంటున్నారని అనుకుంటాం. నిజానికి వాళ్లు మన గోడ లోపల ఉన్నారు. సీసీ కెమెరా, ప్రింటర్, ల్యాప్‌టాప్‌లో షేర్ చేసిన ఫోల్డర్, పాస్‌వర్డ్ మార్చని రౌటర్ పేజీ, అన్నీ వాళ్లకు చేతికందే దూరంలో ఉంటాయి. బెడ్రూమ్ వైపు తిప్పిన బేబీ కెమెరా ఉన్న ఇళ్లవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

డబ్ల్యూపీఎస్ అన్నది బటన్ నొక్కితే పాస్‌వర్డ్ లేకుండా కలిసిపోయే సౌకర్యం. దాంతోపాటు ఎనిమిదంకెల పిన్ కూడా ఉంటుంది. ఆ పిన్‌ను రౌటర్ రెండు ముక్కలుగా సరిచూస్తుందని 2011లో బయటపడింది. ఎనిమిదంకెలకు కోట్ల కొద్దీ ప్రయత్నాలు పట్టాలి, కానీ రెండు ముక్కలు కావడం వల్ల 11,000 ప్రయత్నాల్లో దొరికిపోతుంది. ఎంత గట్టి పాస్‌వర్డ్ పెట్టినా ఇది తెరిచి ఉంటే లాభం లేదు. ఆపేయండి. అలాగే అడ్మిన్ పాస్‌వర్డ్ స్టిక్కర్ మీద ఉన్నదే ఉంచకండి, బయటి ఇంటర్నెట్ నుంచి రౌటర్ పేజీ తెరిచే ‘రిమోట్ మేనేజ్‌మెంట్’ ఆన్‌లో ఉంటే తీసేయండి.

ఇంతా చేశాక అసలు ప్రశ్న మిగులుతుంది: పాస్‌వర్డ్ ఎలా బయటికి వెళ్లింది? నాకు తెలిసిన ఇళ్లలో ఎవరూ హ్యాక్ చేయలేదు. మనమే ఇచ్చాం. మా సంగతి తీసుకుంటే, 2020 లాక్‌డౌన్‌లో ఎదురు ఫ్లాట్ పాపకి ఆన్‌లైన్ క్లాసులుండేవి, వాళ్లకి అప్పటికి కనెక్షన్ లేదు, మా అమ్మ పాస్‌వర్డ్ ఇచ్చింది. ఆ రోజుల్లో ఇవ్వడమే సరైన పని, ఇప్పుడడిగినా అమ్మ అదే చేస్తుంది, నేనూ కాదనను. కానీ ఆండ్రాయిడ్ ఫోన్‌లో సేవ్ అయిన వైఫైని ఎవరైనా క్యూఆర్ కోడ్‌గా చూపించవచ్చు, చాలా ఫోన్లలో ఆ కోడ్ కిందే పాస్‌వర్డ్ కూడా రాసి ఉంటుంది. పాప నుంచి వాళ్ల బాబాయి పిల్లలకి, వాళ్ల నుంచి పై పెంట్‌హౌస్‌లో ఉండే బ్యాచిలర్స్‌కి చేరింది. అమీర్‌పేట్, ఎస్సార్ నగర్ హాస్టళ్ల చుట్టుపక్కల ఉండేవాళ్లయితే ఇది ఎంత త్వరగా పాకుతుందో వేరే చెప్పక్కర్లేదు.

దీనికి నాకు దొరికిన మంచి పరిష్కారం గెస్ట్ నెట్‌వర్క్. రౌటర్‌లో ఆ పేరుతోనే ఆప్షన్ ఉంటుంది, కొన్ని ఆపరేటర్ల పెట్టెల్లో ‘ఎస్‌ఎస్‌ఐడీ 2’ అని ఉంటుంది. దాన్ని ఆన్ చేసి వేరే పేరు, వేరే పాస్‌వర్డ్ పెట్టండి. ‘ఐసొలేషన్’ అని కనిపిస్తే టిక్ చేయండి, అందులో ఉన్నవాళ్లకు మీ టీవీ, కెమెరా సాధారణంగా కనిపించవు. స్పీడ్‌కు హద్దు పెట్టే వీలుంటే పెట్టండి. అసలు లాభం ఏమిటంటే, ఈ పాస్‌వర్డ్‌ను పండక్కి చుట్టాలొచ్చి వెళ్లాక మార్చినా ఇంట్లో టీవీ, కెమెరాలు మళ్లీ కలపాల్సిన పని ఉండదు. ఎదురింటి ఆవిడతో మొహమాటం లేకుండా చెప్పేశాం: “అక్కా, మీకోసం వేరే వైఫై పెట్టాం, పాప క్లాసులకి వాడుకోండి, బయట ఎవరికీ ఇవ్వకండి, ఈ మధ్య మా టీవీలో ఎవరివో వీడియోలు వస్తున్నాయి.” ఆవిడ ఏమీ అనుకోలేదు. “అయ్యో, మా వాళ్ల పిల్లలే అయ్యుంటారు, చెప్తాను” అంది. మీరు కూడా గొడవకి దిగకండి. రోజూ లిఫ్ట్‌లో మొహాలు చూసుకోవాల్సినవాళ్లం.

కొన్ని పనులు మాత్రం చేయకండి. ఫోన్‌లో యాప్ వేసుకుని పక్కవాళ్ల నెట్ కట్ చేయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. ఆ యాప్ నడిచినంత సేపే అది పనిచేస్తుంది, మీ సొంత నెట్‌వర్క్‌ను కూడా గందరగోళం చేస్తుంది. వైఫై పేరు దాచేయడం వల్ల కూడా ఉపయోగం లేదు, పాస్‌వర్డ్ తెలిసిన ఫోన్‌కి పేరు కూడా తెలుసు. అన్నిటికన్నా ముఖ్యం, రౌటర్ వెనక ఉన్న చిన్న రంధ్రంలో పిన్ను పెట్టి రీసెట్ చేయకండి. పాస్‌వర్డ్ పోతుంది నిజమే, దాంతోపాటు ఆపరేటర్ పెట్టిన కనెక్షన్ సెట్టింగ్స్ కూడా పోవచ్చు. వాళ్ల మనిషి వచ్చేదాకా ఇంట్లో నెట్ ఉండదు.

చట్టం గురించీ అడిగారు. అనుమతి లేకుండా ఇంకొకరి నెట్‌వర్క్‌లోకి వెళ్లడం ఐటీ చట్టం 2000, సెక్షన్లు 43, 66 కిందికి వస్తుంది. పక్కింటి పిల్లల మీద కేసు పెట్టమని నేను చెప్పను. మన వైఫై ఎవరి చేతికి పోతే ఏమవుతుందో మాత్రం తెలిసి ఉండాలి. 2008 జులై 26న అహ్మదాబాద్ పేలుళ్లకు కొద్ది నిమిషాల ముందు వచ్చిన బెదిరింపు మెయిల్ నవీ ముంబైలో ఉంటున్న ఒక అమెరికన్ ఇంటి వైఫై నుంచి వెళ్లింది. పంపింది ఆయన కాదు, కానీ పోలీసులు ముందు తలుపు తట్టింది ఆయనదే. మీ కనెక్షన్ నుంచి మోసం జరిగిందని ఫోనో నోటీసో వస్తే, పాస్‌వర్డ్ మార్చే ముందే రౌటర్‌లో కనిపిస్తున్న జాబితాను ఫొటో తీసి పెట్టుకోండి. మీరే ఏదైనా మోసానికి గురైతే 1930కి ఫోన్ చేయండి.

చివరగా ఆ రాత్రి ఎనిమిది గంటల సంగతి. పాస్‌వర్డ్ మార్చి, జాబితాలో మీవి తప్ప ఏమీ లేవని చూసుకున్నాక కూడా స్లోగా ఉంటే, తప్పు పక్కవాళ్లది కాకపోవచ్చు. ల్యాప్‌టాప్‌ను లాన్ వైరుతో నేరుగా రౌటర్‌కి కలిపి ఆ సమయంలోనే స్పీడ్ చూడండి. వైరు మీద 90 పైన వచ్చి వైఫై మీద 15 వస్తుంటే, బిల్డింగ్‌లో చాలా ఇళ్ల రౌటర్లు ఒకే చానల్ (సిగ్నల్ దారి) మీద అరుచుకుంటూ ఉండొచ్చు. 2.4లో ఒకదానితో ఒకటి కలవని చానళ్లు 1, 6, 11 మూడే, వాటిలో ఖాళీగా ఉన్నది పెట్టండి, వీడియో కాల్ చేసే ల్యాప్‌టాప్‌ను 5 గిగాహెర్ట్జ్‌కి మార్చండి. వైరు మీద కూడా 15 వస్తుంటే అది ఆపరేటర్ వైపు సమస్య. ఆ వైరు స్పీడ్ టెస్ట్ స్క్రీన్‌షాట్ మీద టైమ్ కనిపించేలా తీసి, రెండు మూడు రాత్రులవి కలిపి కంప్లయింట్‌లో పెట్టండి. “మీ ఇంట్లో వైఫై వాడేవాళ్లు ఎక్కువైపోయారండీ” అని ఫోన్ పెట్టేయడానికి అప్పుడు వాళ్లకు వీలుండదు.