వెనేడియానికి ‘గనులు’ ఉంటాయా?

సందేహం: ‘వెనేడియం గనులలో తవ్వి తీసిన వెనేడియంను ఉక్కులో వాడతారు’ అని మా అబ్బాయి స్కూలు ప్రాజెక్టులో రాశాడు. నేను ‘వనాడియం’ అని దిద్దితే వాడు ఒప్పుకోలేదు. ఇంట్లో ఉన్న పానా తెచ్చి, దానిమీద ఉబ్బెత్తుగా ఉన్న ‘క్రోమ్ వెనేడియం’ అన్న మాటలు చూపించి, ‘ఇది వెనేడియంతో చేసిందే’ అన్నాడు. ఎవరిది ఒప్పు?
– ఒక పాఠకురాలు

సమాధానం: పేరు సంగతి చిన్నది, ముందు అది తేల్చేద్దాం. మీరిద్దరూ రాసింది ఒప్పే. స్వీడన్ రసాయన శాస్త్రజ్ఞుడు సెఫ్‌స్ట్రోమ్ 1830లో తమ దేశపు ఇనుములో ఈ లోహాన్ని గుర్తించి, వాళ్ల పురాణాల్లోని ఫ్రెయా దేవతకున్న ‘వనాదిస్’ అనే మరో పేరు దీనికి పెట్టాడు. (వినగానే మన వనదేవి గుర్తొస్తుంది గానీ, సంబంధమేమీ లేదు.) అసలు 1801లోనే మెక్సికోలో డెల్ రియో అనే ఆయన సీసపు ఖనిజంలో దీన్ని కనిపెట్టాడు. లవణాలను వేడిచేస్తే ఎర్రబడుతున్నాయని ‘ఎరిత్రోనియం’ అన్నాడు. అది క్రోమియమేనని ఒక ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు అనేసరికి, పాపం, తన మాట వెనక్కి తీసుకున్నాడు. ఆయన పట్టుబట్టి ఉంటే మీ ఇంట్లో ఈ తగువే వచ్చేది కాదు.

మూలంలోని పేరును చూస్తే ‘వనాడియం’, ఇంగ్లిషువాళ్లు పలికేది వింటే ‘వెనేడియం’. మనం రెండు దారులూ తొక్కాం. యురేనియం, రేడియం చెవితో విని రాసుకున్నవి. టైటానియం మాత్రం కంటితో చూసి రాసుకున్నది. ఇంగ్లిషు ఉచ్చారణ ప్రకారమైతే అది ‘టైటేనియం’ కావాలి. కాబట్టి ఏదో ఒకటి పట్టుకొని చివరిదాకా దాన్నే రాయమనండి. నేను ‘వెనేడియం’ అంటాను, నోటికి అదే అలవాటు.

అసలు తప్పు ‘వెనేడియంను’ దగ్గర ఉంది. క్రికెట్ చూడటానికి ‘స్టేడియానికి’ వెళతాం, పుస్తకం కనిపిస్తే ‘పుస్తకాన్ని’ తీసుకుంటాం. అలాగే వెనేడియాన్ని, వెనేడియానికి. గ్రాంథికంలో రాయదలచుకుంటే వెనేడియమును. ‘ంను’, ‘ంకు’ అన్న రూపాలు అటు గ్రాంథికానికీ ఇటు వాడుకకూ చెందవు.

ఇక ‘వెనేడియం గనులు’. వ్యాకరణం ప్రకారం ఇందులో దోషం లేదు, కానీ చదివినవాళ్లకు తప్పు బొమ్మ కడుతుంది. బొగ్గు గని అంటే బొగ్గు కోసం తవ్వింది. వెనేడియం చాలావరకు అలా దొరకదు. చైనాలోని పాన్‌జిహువాలోనూ, రష్యాలోని కచ్కనార్‌లోనూ తవ్వేది ఇనుప ఖనిజం. అందులో వెనేడియం కాస్త కలిసి ఉంటుంది. కొలిమిలో కరిగించిన ఇనుములోకి ఆక్సిజన్ ఊదినప్పుడు అది ముందుగా ఆక్సైడుగా మారి పైకి తేలే తెట్టులో చేరుతుంది. ఆ తెట్టును ఫ్యాక్టరీలో ‘స్లాగ్’ అంటారు, పాఠ్యపుస్తకాల్లో ‘లోహమలం’ అంటారు. మనకు చక్కటి తెలుగు మాట ఎప్పటినుంచో ఉంది: చిట్టెం. ఆయుర్వేదంలో మండూరం అనేది ఈ ఇనుపచిట్టెమే. మందులవాళ్లకు పనికొచ్చిన మాట పాఠ్యపుస్తకాలకు ఎందుకు పనికిరాలేదో!

ఆ చిట్టేన్ని పొడిచేసి, సోడా లవణాలు కలిపి వేయిస్తారు. దీనికి పుస్తకాల్లో పేరు ‘భర్జనం’. తర్వాత నీళ్లు పోస్తే, ఫిల్టర్లో డికాక్షన్ దిగినట్టు వెనేడియం ఆ నీళ్లలోకి దిగుతుంది. మన దేశంలో బాక్సైటు నుంచి అల్యూమినా తీసే ఫ్యాక్టరీల్లో మిగిలే బురదలోంచి కూడా దీన్ని రాబడతారు. ఇలా దొరికేదాన్ని ‘ఉపోత్పత్తి’ అనాలి (ఉప + ఉత్పత్తి, గుణసంధి). విడదీసి ‘ఉప ఉత్పత్తి’ అని రాసేవారే ఎక్కువ, నేనైతే దిద్దను.

అలాగని వెనేడియానికి సొంత గనులే లేవనుకోకండి. దక్షిణాఫ్రికా బుష్‌వెల్డ్‌లో దీనికోసమే తవ్వేవి ఉన్నాయి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పెరూలో, ఆండీస్ కొండల మీద మినాస్ రాగ్రా అనే పెద్ద గని ఉండేది. అమెరికాలోని కొలరాడో ప్రాంతం ముచ్చట ఇంకా బాగుంటుంది. అక్కడ కార్నొటైట్ అనే పసుపు ఖనిజం ఉంది. మొదట దాన్ని రేడియం కోసం తవ్వారు, 1930లలో వెనేడియం కోసం తవ్వారు, 1940లలో అణుబాంబు పని మొదలయ్యాక యురేనియం కోసం తవ్వారు. రాయి అదే, పేరు మాత్రం మనకు కావలసినదాన్ని బట్టి మారింది. గనికి పేరు పెట్టేది లోపలున్నది కాదు, బయటున్నవాడి అవసరం.

గని, ఖని రెండూ ఒకటేనా అని మీరు అడగలేదు గానీ చెబుతాను. ‘ఖని’ సంస్కృతం, ‘గని’ దాని తద్భవం. ఖనిలో పుట్టింది గనుక ఖనిజం. ఊరి పేరులో గోదావరిఖని అని ఠీవిగా నిలబడినా, సింగరేణి కార్మికుడు డ్యూటీకి పోయేది ‘బాయి’కే. లోతుగా తవ్వినదేదైనా వాళ్లకు బావే, ఊరిన నీళ్లా బొగ్గా అన్నది తర్వాతి సంగతి.

ఇప్పుడు పానా. ‘వెనేడియంతో చేసిన పానా’ అంటే బంగారంతో చేసిన గొలుసులా మొత్తం అదే అన్న అర్థం వస్తుంది. మీ పానాలో ఉన్నది ఉక్కు. వెనేడియం మామూలుగా వెయ్యి పాళ్లలో రెండు మూడు పాళ్లకు మించదు. ఉప్పు వేసిన పప్పును ‘ఉప్పుతో చేసిన పప్పు’ అనం కదా. అయితే ఆ చిటికెడే పని చేస్తుంది. అది కార్బన్‌తో, నైట్రోజన్‌తో కలిసి అతి సూక్ష్మమైన రేణువులుగా ఏర్పడి ఉక్కులోని స్ఫటికాలను పెరగనివ్వదు. స్ఫటికాలు చిన్నవైతే ఉక్కు గట్టిపడుతుంది, త్వరగా విరగదు. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీ కారు భాగాలకు ఇలాంటి ఉక్కునే వాడారు. నేటికీ ప్రపంచంలోని వెనేడియంలో నూటికి ఎనభై పైగా ఉక్కుకే పోతుంది. మిగిలింది విమానాలకు వాడే టైటానియం మిశ్రమాల్లోనూ, సల్ఫ్యూరిక్ యాసిడ్ తయారీలో ఉత్ప్రేరకంగానూ, కరెంటు దాచే పెద్ద బ్యాటరీల్లోనూ ఖర్చవుతుంది.

కాబట్టి మీ అబ్బాయి ‘వెనేడియం కలిపిన ఉక్కుతో చేసిన పానా’ అని రాయాలి. ‘కలిసిన’ అన్నా తప్పు కాదు గానీ, రెండింటికీ తేడా ఉంది. కలపడానికి కలిపేవాడు ఉండాలి, కలవడానికి అక్కర్లేదు. మన ఉక్కులోనే ఉదాహరణ ఉంది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం లాంటి చోట్ల మూసల్లో ఉక్కు కాచి, పర్షియా దాకా అమ్మేవారు. ఇంగ్లిషులో దాన్ని ‘వూట్జ్’ అన్నారు, అది దక్షిణాది ‘ఉక్కు’కే వికృతరూపమని పండితుల మాట. అలాంటి ఉక్కుతో చేసిన డమాస్కస్ కత్తుల మీద అలల్లాంటి చారలుంటాయి. 1990లలో పాత కత్తులను పరీక్షించిన అమెరికా లోహశాస్త్రజ్ఞులు, ఖనిజంలోంచి వచ్చిన వెనేడియం వంటి లోహాల జాడలే ఆ చారలకు కారణమని తేల్చారు. కాచినవారికి వెనేడియం పేరే తెలియదు. అక్కడ మాత్రం ‘వెనేడియం కలిపిన’ అనకూడదు, ‘కలిసిన’ అనే రాయాలి.