2013లో రిటైరైన నాన్నగారికి హయ్యర్ పెన్షన్ ఇచ్చేది లేదన్నారు, కోర్టుకు వెళ్తే ఫలితం ఉంటుందా?

మీరు రాసినదాన్ని బట్టి నాన్నగారు 2013లో రిటైరయ్యారు, పీఎఫ్ మొత్తం జీతం మీద కట్ అయ్యేది, పెన్షన్ మాత్రం రెండు వేలలోపే వస్తోంది, హయ్యర్ పెన్షన్ దరఖాస్తు రిజెక్ట్ అయింది. నేను 2012లో రిటైరయ్యాను. ఇదే గొడవలో పడి, చివరికి పెన్షన్ రివైజ్ చేయించుకున్నాను. సూటిగా చెప్తాను: 2014కు ముందే నాన్నగారు, మొత్తం జీతం మీద పెన్షన్ కావాలని ఆప్షన్ ఇచ్చినట్టు కాగితం ఉందా లేదా అన్నదాని మీదే ఈ కేసు నిలబడుతుంది. లాయరు దగ్గరికి తర్వాత వెళ్లొచ్చు, ముందు ఆ కాగితం వెతకండి.

ఎందుకో చెప్తాను. ఈపీఎస్-95లో, అంటే పీఎఫ్ ఉద్యోగుల పెన్షన్ స్కీములో, సగటు జీతాన్ని సర్వీసుతో గుణించి 70తో భాగిస్తారు. మన కాలంలో ఆ లెక్కకు తీసుకునే జీతానికి సీలింగ్ 6,500. స్కీము మొదలైన 1995 నవంబర్ నుంచి 18 ఏళ్ల సర్వీసు ఉంటే నెలకు 1,671 రూపాయలు, అంతకు ముందు సర్వీసుకు ఇంకొంచెం కలుస్తుంది. అదే 35,000 జీతం మీద లెక్కేస్తే 9,000. మొత్తం జీతం మీద 8.33 శాతం పెన్షన్ ఫండ్‌కు వెళ్లేలా కంపెనీ, ఉద్యోగి కలిసి ఆప్షన్ ఇవ్వొచ్చని 1996లోనే స్కీము నిబంధనల్లోని పేరా 11(3)లో చేర్చారు. కానీ ఈ సంగతి చాలామందికి తెలిసేసరికే 2004 డిసెంబర్ 1తో గడువు అయిపోయిందని పీఎఫ్ ఆఫీసు వాళ్లు అన్నారు. అలాంటి కట్ ఆఫ్ తేదీ ఏదీ లేదని 2016 అక్టోబర్ 4న ఆర్.సి. గుప్తా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

ఆ తర్వాత 2022 నవంబర్ 4న అదే కోర్టు ఇచ్చిన తీర్పులో మనలాంటి వాళ్లను రెండుగా విడదీశారు. 2014 సెప్టెంబర్ 1కి ముందు రిటైరై, అంతకు ముందే ఆప్షన్ ఇచ్చిన వాళ్లకు పాత 11(3) వర్తిస్తుంది. ఆప్షన్ ఇవ్వకుండా రిటైరైన వాళ్లకు ఆ తీర్పు లాభం రాదు. నాకు దీనిమీద ఇప్పటికీ కడుపు మండుతుంది. గడువు దాటింది, ఫారం తీసుకోం అని నోటిమాటగా పంపేస్తే మనిషి ఏం చేస్తాడు? పైగా అది జాయింట్ ఆప్షన్, యాజమాన్యం సంతకం లేకుండా చెల్లదు. ఇవ్వనివ్వకుండా ఆపిన కాలానికి, ఇవ్వలేదన్న శిక్ష ఆ ముసలివాళ్లకే పడింది. నాతో పనిచేసిన ఎందరో అలాగే మిగిలిపోయారు.

నా విషయంలో కలిసొచ్చింది మా యూనియన్ సెక్రటరీ పట్టుదల. అప్పట్లో ఎవరి ఫారం వాళ్లు ఇవ్వకుండా, అందరివీ కలిపి ఒక లిస్టు టైప్ చేయించి, కవరింగ్ లెటర్‌తో పీఎఫ్ ఆఫీసు టపాల్ సెక్షన్‌లో ఇచ్చాడు. ఆఫీసు కాపీ మీద ఊదారంగు ఇన్‌వర్డ్ స్టాంపు, నంబరు, తేదీ. కొన్నాళ్లకు కట్ ఆఫ్ దాటింది కాబట్టి కుదరదని జవాబు వచ్చింది. ఆ తిరస్కరణ లేఖే తర్వాత మాకు బలమైంది. 2023లో పాత ఆప్షన్ వాలిడేషన్‌కు దరఖాస్తు పెట్టినప్పుడు రెండూ జతచేశాం.

కాబట్టి నాన్నగారి ట్రంకు పెట్టెలో, పాత ఫైళ్లలో వెతకండి. ఆప్షన్ ఫారం జిరాక్సు, కంపెనీ పంపిన లిస్టు, కుదరదన్న లేఖ, ఏది దొరికినా పనికొస్తుంది. దొరక్కపోతే ఆయనతో రిటైరైన వాళ్ల దగ్గర అడగండి, ఒకే లిస్టులో పేర్లుంటాయి. కంపెనీ ప్రభుత్వ రంగానిదైతే ఆర్టీఐ పెట్టి ఫారం 3ఏ (ఏటా పీఎఫ్ ఎంత కట్టారో చూపే కార్డు) కాపీలు, ఆప్షన్ గురించి నడిచిన ఉత్తర ప్రత్యుత్తరాలు అడగండి. మొత్తం జీతం మీద పీఎఫ్ కట్టినట్టు 3ఏ చూపిస్తుంది. కానీ అదొక్కటే ఆప్షన్ కింద లెక్కకు రాదు, ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు.

కాగితం ఉంటే హైకోర్టులో వేసే రిట్ పిటిషన్‌కు మంచి ఆధారం. రిజెక్షన్ ఆర్డర్‌లో రాసిన కారణానికి నేరుగా జవాబిచ్చేలా పిటిషన్ రాయించండి. ఏ ఆధారమూ లేకపోతే, గ్యారంటీగా గెలిపిస్తానని డబ్బడిగే ఎవరికీ ఇవ్వకండి. 2022 తీర్పును దాటి వెళ్లడం హైకోర్టుకు కుదరదు.

గెలిచాక కట్టాల్సింది కూడా ఉంటుంది. పెన్షన్ ఫండ్‌కు వెళ్లాల్సిన ఇన్నేళ్ల తేడా, వడ్డీతో సహా వెనక్కి కట్టాలి, అది లక్షల్లోకి వెళ్లొచ్చు. బకాయి పెన్షన్ ఎంత వస్తుందో దానితో పోల్చి చూసుకోండి. అమ్మగారిని కూడా లెక్కలోకి తీసుకోండి, నాన్నగారి తర్వాత ఆవిడకు వచ్చేది ఆయన పెన్షన్‌లో సగం.

రిజెక్షన్ ఆర్డర్‌లో కారణం ఏమని ఉందో మీరు రాయలేదు. పేరు, పీఎఫ్ నంబరు తీసేసి ఆ రెండు లైన్లు ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.