ట్యాంకు పొర్లుతోంది, యాప్ మాత్రం 60 శాతమే అంటోంది

ప్రశ్న: మిద్దె మీద వెయ్యి లీటర్ల ట్యాంకుకు ఫోనుతో నడిచే కంట్రోలర్ పెట్టించి ఎనిమిది నెలలైంది. ఈమధ్య నీళ్లు పొర్లి పక్కింటి గోడ మీదికి కారుతున్నా యాప్ 60 శాతమే చూపిస్తోంది, మోటారు ఆగడం లేదు. పెట్టిన అబ్బాయి తన నంబరుతోనే ఖాతా తెరిచి నాకు షేర్ చేశాడు. అతన్నే పిలవాలా?
(బైరాగిపట్టెడ, తిరుపతి నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: వేసవి మొదలైనప్పటి నుంచి ఇదే ఫిర్యాదు తిరుపతి నుంచి, చిత్తూరు నుంచి వస్తూనే ఉంది. ముందు మెయిన్ ఆపించి ట్యాంకులోని సెన్సర్ రాడ్లు చూడండి. బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున కట్టే తెల్లటి పొరే రాడ్లకూ పడుతుంది. పైరాడ్డును నీళ్లు తాకినా ఆ పొర కరెంటును పారనివ్వదు, ట్యాంకు ఇంకా నిండలేదని కంట్రోలర్ అనుకుంటుంది. నిరుడు మా ఇంటి రాడ్డును గోటితో గీకితే బియ్యపు గింజంత మందాన పెచ్చు ఊడింది. రాడ్లను బయటికి తీసి, నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో అరగంట నానబెట్టి, బాగా కడిగి బిగించండి.

తర్వాత ఒక పరీక్ష. రూటర్ ఆపేసి, ఎలక్ట్రీషియన్ చేత మోటారు వేయించి, రాడ్లన్నీ బకెట్ నీళ్లలో ముంచమనండి. రూటర్ వేసినప్పుడు ఆగే మోటారు ఇప్పుడు ఆగకపోతే, ఆపే నిర్ణయం మీ ఇంట్లో కాదు, ఎక్కడో ఉన్న సర్వర్లో జరుగుతోందన్నమాట. ఇలాంటి పరికరం తయారుచేసినవారిని నేను క్షమించలేను. నిమిషానికి 30 లీటర్లు తోడే మోటారు గంటసేపు ఆగకపోతే 1800 లీటర్లు కాలువ పాలు. కళ్యాణి డ్యామ్ నుంచి, కండలేరు నుంచి పైపుల్లో నీళ్లు తెచ్చుకునే ఊరు మనది. ఇంటర్నెట్ పోయినంత మాత్రాన ఆ నీళ్లు వీధిలో పారాలా? స్టార్టరు కాయిల్ వైరుకు వరుసలో నీటితోపాటు పైకి తేలి ట్యాంకు నిండగానే మోటారును ఆపే మామూలు ఫ్లోట్ స్విచ్ ఒకటి కలిపించండి. దానికి నెట్‌వర్క్ అక్కర్లేదు. నీళ్లలోకి వైరు దిగుతుంది కాబట్టి కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ స్విచ్ తప్పనిసరి.

నన్ను అన్నిటికన్నా కలవరపెట్టింది మీ లేఖలోని చివరి మాట. ఖాతా ఎవరి నంబరు మీద ఉంటే పరికరం వారి చేతిలో ఉన్నట్టే. మీకు అందింది అతను ఎప్పుడైనా వెనక్కి తీసుకోగల అనుమతి మాత్రమే. అతను మంచివాడే కావచ్చు. కానీ అతని ఫోను పోతే? ఆ నంబరు మరొకరికి వెళితే? సంపు ఖాళీగా ఉన్న అర్ధరాత్రి ఎవరో మోటారు వేస్తే సీలు, లోపలి తీగచుట్ట (వైండింగు) కాలిపోవచ్చు. నాలుగు రోజులుగా మోటారు తిరగలేదంటే ఇంట్లో ఎవరూ లేరని యాప్ చూసేవారికి తెలిసిపోతుంది. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ (హాని చేసే ప్రోగ్రాం) ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని కెమెరాల్లో, రూటర్లలో దూరి, వాటితోనే పెద్ద పెద్ద వెబ్‌సైట్లను గంటల తరబడి స్తంభింపజేసింది. మోటారు పెట్టెకు పాస్‌వర్డ్ ఎందుకనేవారు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

కాబట్టి అతన్ని పిలవండి, కానీ మరమ్మతుకు కాదు. మీ ఎదుటే తన ఖాతాలోంచి పరికరాన్ని తొలగించమనండి. రీసెట్ చేసి మీ నంబరుతో నమోదు చేసుకోండి, వైఫై పాస్‌వర్డ్ కూడా మార్చండి. రూటర్లో గెస్ట్ నెట్‌వర్క్ (మీ ఫోన్లు, కంప్యూటర్లతో కలవని విడి వైఫై) ఉంటే కంట్రోలర్‌ను దానికే కలపండి. మోటారు యాప్‌కు మీ కాంటాక్ట్‌లతో పనేమిటి? ఆ అనుమతి తీసేయండి.

ఇవన్నీ పూర్తయ్యేదాకా కంట్రోలర్‌ను పక్కన పెట్టి స్టార్టరును మాన్యువల్‌లో నడపండి. ఖాళీ ట్యాంకు నిండడానికి ఎంతసేపు పడుతుందో ఒకసారి గడియారం చూసుకుని, మోటారు వేసిన ప్రతిసారీ అంతకు ఐదు నిమిషాల ముందు మోగేలా ఫోనులో అలారం పెట్టుకోండి.