మీ ప్రశ్నలు – మా జవాబులు: సోర్బిట్రేట్ ఉన్న జేబులో ఆ మాత్ర ఉండకూడదు

ప్రశ్న: నాకు 36 ఏళ్ళు. బెంగళూరు మారతహళ్ళిలో ఉంటాం, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆరు నెలలుగా అంగస్తంభన సరిగా ఉండటం లేదు. ఫ్రెండ్ చెప్తే మెడికల్ షాపులో సిల్డెనఫిల్ 50 కొన్నాను. రెండుసార్లు వేసుకున్నా లాభం లేదు. 100 వేసుకోవచ్చా? – పేరు వద్దు

జవాబు: ఒద్దు, ఇప్పుడే కాదు. ముందు ఎలా వేసుకున్నారో గుర్తుచేసుకోండి. శనివారం రాత్రి హోటల్లో బిరియాని తిని, ఇంటికొచ్చి వెంటనే మింగి, పావుగంటలో ఫలితం కోసం చూశారా? చాలామంది విషయంలో జరిగేది అదే. నూనె, నెయ్యి ఎక్కువున్న భోజనం మీద సిల్డెనఫిల్ రక్తంలోకి ఎక్కడానికి అదనంగా గంట దాకా పడుతుంది, ఎక్కేది కూడా తగ్గుతుంది. ఖాళీ కడుపుతోనో, రెండు ఇడ్లీలలాంటి తేలికైన ఆహారం తర్వాతో వేసుకుని గంట ఆగాలి. పని నాలుగు గంటల వరకూ ఉంటుంది. మద్యం పుచ్చుకుంటే స్తంభన తగ్గుతుంది, బీపీ కూడా పడుతుంది, కాబట్టి ఆ రాత్రి మానేయండి.

ఇంకో సంగతి. ఈ మాత్ర కోరిక పుట్టించదు. కోరిక కలిగినప్పుడు నరాల చివర్ల నుంచి నైట్రిక్ ఆక్సైడ్ విడుదలై అంగంలోని రక్తనాళాలు వదులవుతాయి. ఆ వదులును త్వరగా ముగించే ఎంజైమును మాత్ర ఆపుతుంది, అంతే. మాత్ర మింగి ఫోన్ చూస్తూ పడుకుంటే ఏమీ జరగదు. రెండుసార్లతో పనిచేయదని తేల్చకూడదు. సరైన పద్ధతిలో ఆరు నుంచి ఎనిమిది సార్లు చూశాకే డాక్టర్లు ఆ మాట అంటారు. ఒకే రాత్రి రెండోది మాత్రం వేసుకోకండి. 24 గంటల్లో ఒక్కటే.

మోతాదు కన్నా ముఖ్యమైనది మీ వయసు. తెల్లవారుజామున మామూలుగా స్తంభన వస్తోందా? వస్తుంటే నరాలు, రక్తనాళాలు బాగానే ఉండి, భయమో ఒత్తిడో అడ్డుపడుతుండే అవకాశం ఎక్కువ. రాకపోతే రక్తనాళాల సంగతి చూడాలి. అంగంలోని ధమనులు ఒకటి రెండు మిల్లీమీటర్ల వెడల్పువి, గుండె ధమనులు మూడు నాలుగు. కొవ్వు పేరుకుంటే చిన్న గొట్టమే ముందు మూసుకుంటుంది. అందుకే ఈ సమస్య గుండెజబ్బు కన్నా కొన్నేళ్ళ ముందే కనిపించవచ్చు. పరగడుపు షుగరు, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగరు సగటు), కొలెస్ట్రాల్, బీపీ, ఉదయం పదింటి లోపు టెస్టోస్టెరాన్ – ఇవి చేయించి డాక్టరును కలవండి. ఇది చీటీ మీద మాత్రమే ఇవ్వాల్సిన మందు. షాపువాడు ఇచ్చేశాడంటే మీ గుండె సంగతి ఎవరూ అడగలేదనే అర్థం.

ప్రశ్న: మేం కె.ఆర్.పురంలో ఉంటాం. మా వారికి 58. రెండేళ్ళ క్రితం స్టెంట్ వేశారు. జేబులో ఎప్పుడూ సోర్బిట్రేట్ ఉంటుంది, ఉదయం మోనోట్రేట్ వేసుకుంటారు. చొక్కా ఉతకబోతే ఆ నీలం మాత్రల స్ట్రిప్ దొరికింది, రెండు ఖాళీ. అడిగితే కోప్పడతారు. ప్రమాదమా? – ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నిటిలో వెంటనే కదలాల్సింది మీరే. అవును, ప్రాణం మీదికి రాగల ప్రమాదం.

సోర్బిట్రేట్, మోనోట్రేట్, నైట్రోగ్లిజరిన్ – ఇవన్నీ గుండెనొప్పికి వాడే నైట్రేట్లు. రక్తనాళాలను వదులు చేసే పదార్థాన్ని నైట్రేట్ పెంచుతుంది. సిల్డెనఫిల్ ఆ పదార్థాన్ని కరగనివ్వదు. ఒకటి చెరువులోకి నీళ్ళు వదిలేది, మరొకటి తూము మూసేది. రెండూ కలిస్తే ఒళ్ళంతా నాళాలు ఒక్కసారి వదులై బీపీ పాతాళానికి పడిపోతుంది. అసలే ఇరుకైన గుండె నాళాలకు రక్తం అందదు. ‘సగం మాత్రే కదా’, ‘పొద్దున మోనోట్రేట్ మానేశాలే’ అన్న లెక్కలు ఇక్కడ పనికిరావు. నికోరాండిల్ అనే మరో గుండెనొప్పి మాత్ర వేసుకునేవారికీ ఇదే నిషేధం.

పోయిన రెండు మాత్రలకు ఏమీ కాలేదని ధైర్యపడొద్దు. ఆయన్ని తప్పుపట్టకుండా, ‘ఇవి రెండూ కలిస్తే ప్రమాదమట, డాక్టరును అడుగుదాం’ అనండి. స్ట్రిప్, గుండె మందుల చీటీ రెండూ పట్టుకుని గుండె డాక్టరు దగ్గరికి కలిసి వెళ్ళండి. గుండెజబ్బున్నవాళ్ళకు దాంపత్యమే వద్దని కాదు. నెప్పి లేకుండా రెండంతస్తుల మెట్లు చకచకా ఎక్కగలిగి, బీపీ అదుపులో ఉంటే, నైట్రేట్లు లేని మందులకు మార్చవచ్చా అని డాక్టరు చూస్తారు. మార్చాకే ఆ మాట. మీ అంతట మీరు గుండె మాత్ర ఆపకండి, అది ఇంకో ప్రమాదం.

ఈలోగా ఆయనకు ఛాతీ నెప్పి వస్తే సోర్బిట్రేట్ నాలుక కింద పెట్టే ముందు ఆగండి. 108కి ఫోన్ చేసి, ఏ మాత్ర, ఎన్ని గంటలకు వేసుకున్నారో చెప్పండి. సిల్డెనఫిల్ అయితే 24 గంటలు, అదే రకం మందైన తడలాఫిల్ అయితే 48 గంటలు నైట్రేట్ ఇవ్వకూడదు. అత్యవసర విభాగంలో ఈ ఒక్క మాట సిగ్గుతో మింగేస్తే, అక్కడివాళ్ళు మంచి చేయబోయి నైట్రేట్ ఇస్తారు.

ప్రశ్న: వయసు 63, యలహంక. బీపీకి, ప్రోస్టేట్‌కి (టామ్సులోసిన్) మాత్రలు వాడుతున్నాను. తడలాఫిల్ మంచిదా, సిల్డెనఫిలా?

జవాబు: టామ్సులోసిన్ కూడా బీపీని కొంత దించుతుంది. దానికి ఈ మాత్రలు తోడైతే లేచి నిలబడగానే కళ్ళు తిరగవచ్చు. టామ్సులోసిన్ మోతాదు స్థిరపడ్డాక, 65 దగ్గరపడ్డ మీలాంటివారికి సిల్డెనఫిల్ 25 మి.గ్రా.తో మొదలుపెట్టడం రివాజు. తడలాఫిల్ 36 గంటల వరకూ పనిచేస్తుంది, భోజనంతో నిమిత్తం లేదు, కానీ ఇబ్బంది కలిగితే అదీ అంతసేపు ఉంటుంది. నడుము నొప్పి, కండరాల నొప్పి దీనికి ప్రత్యేకం. రోజూ 5 మి.గ్రా. తడలాఫిల్ ప్రోస్టేట్ ఇబ్బందికీ పనిచేస్తుంది, కాబట్టి రెండు సమస్యలకూ ఒకే మందు సరిపోతుందేమో యూరాలజిస్టునే అడగండి.

తామరకు ఇట్రాకొనజోల్ వారాల తరబడి రాస్తున్నారు ఈ మధ్య. అది గానీ, క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్‌లు గానీ వాడేటప్పుడు లివరు ఈ మాత్రల్ని ఆలస్యంగా విరగ్గొడుతుంది, మామూలు మోతాదే ఎక్కువ మోతాదులా పనిచేస్తుంది. చర్మ డాక్టరుకు కూడా చెప్పాల్సిందే.

తలనొప్పి, ముఖం ఎర్రబడటం, ముక్కుదిబ్బడ, చూపులో కాసేపు నీలిరంగు – ఇవి సాధారణం, తగ్గిపోతాయి. ఒక కంటి చూపు ఉన్నట్టుండి పోయినా, చెవి వినబడకపోయినా, స్తంభన నాలుగు గంటలు దాటినా తెల్లవారేదాకా ఆగకండి. నాలుగు గంటలు దాటితే లోపలి కండరం ఆక్సిజన్ లేక చచ్చుబడి, శాశ్వతంగా పనిచేయకుండా పోవచ్చు. చల్లటి నీళ్ళు పోసుకుంటూ కూర్చోవడం కాదు, ఆసుపత్రికి వెళ్ళాలి.

ప్రశ్న: మెజెస్టిక్ దగ్గర గుడారంలో ‘పూర్తి మూలికలు’ అని పొడి ఇచ్చారు. వేసుకున్న గంటకు బాగా పనిచేసింది, తలనొప్పి, ముఖం ఎర్రబడటం ఉన్నాయి. మూలికలే కదా?

జవాబు: గంటలో పనిచేసి, ముఖం ఎర్రబడి, తల నొప్పెట్టిందంటే అందులో సిల్డెనఫిల్ కలిపి ఉండవచ్చని అనుమానించాలి. ఇలాంటి పొడుల్లో, క్యాప్సూళ్ళలో ఆ మందు దొరకడం ఎన్నో దేశాల పరీక్షల్లో తేలిన సంగతే. ఎంత కలిపారో కలిపినవాడికే తెలియదు. ఈ పొట్లంలో 20 ఉంటే వచ్చే పొట్లంలో 150 ఉండవచ్చు. ఇది వద్దు. నిజంగా మందు కావాలంటే చీటీ రాయించుకుని, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉన్న స్ట్రిప్ కొనండి. మిగిలిన పొడి పారేయకుండా డాక్టరుకు చూపించండి, మీరు వాడే ఇతర మందులన్నీ కూడా తీసుకెళ్ళండి.