ఇత్తడి కేసులను అనీలింగ్ చేస్తే గురి మెరుగుపడుతుందా?

నాలుగుసార్లు కాల్చిన .308 రైఫిల్ కేసులను (బుల్లెట్, పౌడరు పట్టే ఇత్తడి గొట్టాలను) అనీలింగ్ చేస్తే, అంటే వేడిచేసి ఇత్తడిని మళ్లీ మెత్తబరిస్తే, గురి కుదురుతుందా, అందుకోసం యంత్రం కొనాలా అని అడిగారు. వంద గజాల్లో కాల్చేవారికి తేడా కంటికి ఆనదు. ఆరువందల గజాలకు వెళ్తే ఆనుతుంది, అదీ నిలువునా.

నేను టెక్సస్‌లో ఉంటాను. ఆరేళ్లుగా కాల్చిన కేసుల్లో మళ్లీ పౌడరు, బుల్లెట్ పెట్టి నా తూటాలు నేనే నింపుకుంటున్నాను. మొదట్లో అనీలింగ్ జోలికే పోలేదు. ఐదో విడత నింపుతున్నప్పుడు తేడా ముందుగా ప్రెస్ (బుల్లెట్‌ను కేసులోకి నొక్కే పరికరం) పిడి పట్టుకున్న చేతికే తెలిసింది. ఒక కేసులో బుల్లెట్ వెన్నలోకి దిగినట్టు దిగింది, పక్కదానిలో మొరాయించింది. డై (కేసును కొలతకు నొక్కే అచ్చు) అదే, బిగింపు అదే.

ఇత్తడిని సాగదీసినా, కుదించినా గట్టిపడుతుంది. కాల్చినప్పుడు కేసు మెడ (బుల్లెట్‌ను పట్టుకునే పైకొస) ఉబ్బుతుంది, డైలో మళ్లీ నొక్కుకుపోతుంది. అలా గట్టిపడిన మెడ డై వదలగానే కొంత వెనక్కి తెరుచుకుంటుంది. ఎంత తెరుచుకుంటుందన్నది ఏ కేసుకు ఆ కేసే. బుల్లెట్ మీద పట్టు మారితే వేగం మారుతుంది. 175 గ్రెయిన్ల బరువున్న బుల్లెట్ సెకనుకు 2,600 అడుగుల వేగంతో బయలుదేరేటప్పుడు 30 అడుగుల తేడా వస్తే, ఆరువందల గజాల దగ్గర దెబ్బ సుమారు మూడు అంగుళాలు పైకో కిందికో పోతుంది.

మా ఊళ్లో కంచరి తాత బిందె సొట్ట తీస్తూ, నాలుగు దెబ్బలు వేసి మళ్లీ నిప్పుల్లో పెట్టేవారు. ఎందుకని అడిగితే "లేకపోతే పగులుతుంది బాబూ" అనేవారు. పగుళ్ల సంగతి వచ్చింది కాబట్టి ఇంకొకటి. బ్రిటిష్ కాలంలో మన దేశంలో సైన్యం గుర్రపుశాలల్లో దాచిన తూటాల కేసులు వానాకాలంలో వాటంతట అవే చీలిపోయేవి. ఇత్తడిలో మిగిలిపోయిన ఒత్తిడికి గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా తోడైతే అలా అవుతుందని 1921లో తేల్చారు. అమ్మోనియా ఉన్న పాలిష్‌తో కేసులు తోమకండి.

నేను కేసును డ్రిల్లుకు తగిలించిన సాకెట్‌లో తిప్పుతూ, ప్రొపేన్ మంటను మెడ, భుజం (మెడ కింద వెడల్పయ్యే భాగం) కలిసేచోట చూపిస్తాను. మెడ లోపల 750 ఫారెన్‌హీట్ డిగ్రీల దగ్గర కరిగే గుర్తురంగు పూసి, ఎన్ని సెకన్లు పడుతుందో ముందే చూసుకుంటాను. మెడ నారింజ రంగుకు తిరిగిందంటే శ్రుతి మించినట్టే. మొదటిరోజు పన్నెండు కేసులు అలాగే పాడుచేశాను. అడుగుభాగానికి మాత్రం వేడి తగలనివ్వకండి. .308లో చదరపు అంగుళానికి 62,000 పౌండ్ల దాకా వచ్చే పీడనాన్ని అది ఓర్చుకోవాలి. అడుగు మెత్తబడిందని అనుమానం వచ్చినా ఆ కేసును నలగ్గొట్టి పారేయండి. నీళ్లలో ముంచడం అవసరం లేదు, ఇత్తడి ఉక్కులా గట్టిపడదు. ముంచితే ఆరబెట్టే పని అదనం.

ఇప్పుడు పిడి ప్రతి కేసుకూ ఒకేలా దిగుతోంది. ఇదివరకు ఏడో విడతకే మెడలు చీలేవి, ఇప్పుడు పది దాటినా నిలుస్తున్నాయి. నిజం చెప్పాలంటే నాకు ఎక్కువ లాభం అక్కడే.

యంత్రం ఇప్పుడే కొనకండి. ఇరవై కేసులు టార్చితో చేసి, ఇరవై అలాగే ఉంచి, ఒకేరోజు ఆరువందల గజాల్లో కాల్చి చూడండి. రెండు గుంపులూ నిలువునా ఒకే మేర పరుచుకుంటే, ఆ డబ్బుతో పౌడరు తూచే మంచి త్రాసు కొనుక్కోండి.