పాటిగడ్డ మీద దొరికే కుండ పెంకులు ఏం చెబుతాయి?

మీరు అడిగింది, వరంగల్ చుట్టుపక్కల పాటిగడ్డల మీద, అంటే పాతకాలపు ఊళ్లు ఉండిన దిబ్బల మీద, కనిపించే పెంకులతో చరిత్రకు ముందటి మనుషుల బతుకు ఎలా తెలుస్తుందని. చెక్క కుళ్లిపోతుంది, ఇనుము తుప్పు పడుతుంది, కాల్చిన మట్టి మాత్రం వేల ఏళ్లు అట్లాగే ఉంటుంది. పైగా పగిలిన కుండను ఎవరూ దాచుకోరు, అక్కడే పారేస్తారు కాబట్టి పెంకులు గుట్టగా ఉన్నచోట మనుషులు చాలాకాలం ఉన్నారని అనుకోవచ్చు.

ఒక పెంకును చేతిలోకి తీసుకుని లోపలివైపు బొటనవేలితో రాసి చూడండి. సన్నటి గీతలు వరుసగా తగిలితే కుమ్మరి సారె మీద చేసింది, ఎగుడుదిగుడుగా ఉంటే బహుశా చేత్తో చేసింది. అంచు ముక్క దొరికితే ఇంకా నయం, దాని వంపును బట్టి మూతి ఎంత వెడల్పో లెక్కగట్టి అది గంజి తాగే గిన్నెనా, గింజలు పోసే గాబునా అని చెప్పేస్తారు. అడుగున మసి ఉంటే వంటకుండ. మట్టిలో కలిపిన ఊక కాలిపోయినా గింజ అచ్చు మిగులుతుంది, దాంతో ఏ పంట ఉండేదో తెలుస్తుంది. పెంకు పీల్చుకున్న కొవ్వును ల్యాబులో పరీక్షిస్తే మాంసం వండారా, పాలు కాచారా అన్నది కూడా కొంతవరకు బయటపడుతుంది!

లోపల నలుపు, బయట ఎరుపు ఉన్న పెంకులు మన దగ్గర ఇనుపయుగపు రాకాసి గుళ్లలో, అంటే పెద్ద పెద్ద రాళ్లతో కట్టిన సమాధుల్లో, బాగా దొరుకుతాయి. కుండను బోర్లించి కాలిస్తే లోపలికి గాలి అందక నల్లబడుతుందని ఎక్కువమంది చెప్పే మాట.

ఒక్కటి, పెంకులు ఏరుకుని ఇంటికి తేకండి, నేలలో ఏ పొరలో ఉందో తెలియకపోతే అది ఉత్త పెంకే.